చిన్నా, క్లియరెన్స్ ఫారం నింపేముందు ఈ ఉత్తరం చదువు

చిన్నా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు వర్జీనియాలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది గానీ, సంతోషం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది. సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడటానికి ఇచ్చే అనుమతి, వస్తేనే ఉద్యోగం ఖాయమట కదా. "వీడికి అప్పులున్నాయిరా, ఇస్తారంటావా?" అని మూడుసార్లు అడిగింది. ఆమెకు ధైర్యం చెప్పి పెట్టేశాను. నీకు మాత్రం వివరంగా రాయాలనిపించింది. ఈ దారిలో నేనొకసారి పడి లేచాను. ఆ సంగతి మీ అత్తకు తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు తెలిసినంతలో నీ పరిస్థితి ఇదీ. లేఆఫ్ తర్వాత ఏడు నెలలు ఖాళీగా ఉన్నావు. ఆ రోజుల్లో వాడిన మూడు క్రెడిట్ కార్డుల్లో రెండు కలెక్షన్‌కి, అంటే బాకీలు వసూలు చేసేవాళ్ల చేతికి, వెళ్లాయి. హాస్పిటల్ బిల్లు ఒకటుంది. చదువు కోసం ఇండియా బ్యాంకులో తీసుకున్న లోనుకు వాయిదాలు ఆగిపోయాయి. దానికి మీ నాన్నగారు హామీ ఉన్నారు. ఇవి గాక, నీ టేబుల్ సొరుగులో విప్పని కవర్లు చాలా ఉన్నాయట. వాటి గురించి చివర్లో చెబుతాను.

ముందు, ప్రభుత్వం మన అప్పుల జోలికి ఎందుకు వస్తుందో అర్థం చేసుకో. రొనాల్డ్ పెల్టన్ అనే ఆయన అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో పనిచేసేవాడు. 1979లో దివాలా తీశాడు, ఉద్యోగం వదిలేశాడు, 1980 జనవరిలో వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీ తలుపు తట్టి, తలలో ఉన్న రహస్యాలు అమ్ముకున్నాడు. సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ కూడా అప్పుల్లో ఉండగానే 1985లో సోవియట్ల దగ్గరకు వెళ్లి 50,000 డాలర్లు తీసుకున్నాడు. అందరూ అలా చేస్తారని ఎవరూ అనుకోరు. కానీ అప్పు మెడ మీద ఉన్నవాడికి ఆశ పెట్టడం తేలికని వాళ్లకు అనుభవం మీద తెలుసు. రెండో అనుమానం ఇంకొకటి ఉంటుంది. ఇచ్చిన మాట ప్రకారం బాకీ కట్టనివాడు, రహస్యాలు కాపాడే నిబంధనలు మాత్రం పాటిస్తాడా అని.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 13 అంశాలున్నాయి, ఒక్కోదాన్నీ ఒక్కో గైడ్‌లైన్ అంటారు. డబ్బు సంగతులు గైడ్‌లైన్ ఎఫ్ కిందికి వస్తాయి. అందులో అప్పు తీర్చలేకపోవడాన్నీ, తీర్చగలిగి కూడా తీర్చకపోవడాన్నీ విడివిడిగా రాశారు. అలాగే మనకు అనుకూలంగా తీసుకునే పరిస్థితులు కూడా రాశారు. ఉద్యోగం పోవడం, హఠాత్తుగా వచ్చిన జబ్బు, విడాకులు, ఇంట్లో ఎవరైనా పోవడం లాంటి మన చేతిలో లేని కారణాలు అవి. నీ లేఆఫ్ వీటిలోకే వస్తుంది. అయితే ఆ వాక్యానికి రెండో సగం ఉంది. ఆ కష్టంలో నువ్వు బాధ్యతగా నడుచుకున్నావా అని అడుగుతారు. బ్యాంకుకు ఫోన్ చేశావా, ఉన్నంతలో కొంతైనా కట్టావా, ఉద్యోగం దొరికాక ఏం చేశావు? నీ భయమంతా మొదటి సగం మీదే ఉంది. పని మాత్రం రెండో సగంలో ఉంది నాన్నా.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. 2012లో నేను పనిచేస్తున్న చోట కాంట్రాక్టు మారి, కొత్త కంపెనీ నా క్లియరెన్స్‌కు దరఖాస్తు పెట్టింది. అంతకు ముందు మీ అత్త ఆపరేషన్ సమయంలో కార్డుల మీద చాలా వాడాం. ఒక స్నేహితుడు పెట్రోల్ బంకు పెడుతుంటే లోనుకు హామీ సంతకం కూడా చేశాను. అతను చేతులెత్తేశాడు. ఫారంలో కార్డులన్నీ రాశాను గానీ ఆ హామీ లోను రాయలేదు. అప్పు నాది కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ఆఫీసులో సెక్యూరిటీ చూసే అమ్మాయి కూడా మన తెలుగమ్మాయే, ఆమె చదువుతుందని వెనకాడాను. తర్వాత నా మీద అభ్యంతరాలు రాసి పంపిన కాగితంలో గైడ్‌లైన్ ఎఫ్ పక్కన గైడ్‌లైన్ ఈ కూడా ఉంది. అది నిజాయితీకి సంబంధించింది. విచారణలో కార్డుల గురించి పావుగంట అడిగారేమో, మిగతా సమయమంతా నేను వదిలేసిన ఆ ఒక్క గడి గురించే. నాకు క్లియరెన్స్ రాలేదు. ఉద్యోగం పోయింది. మళ్లీ దరఖాస్తు చేయడానికి ఏడాది ఆగాలన్నారు. ఆ ఏడాది మీ అత్త ఒక్కతే ఇల్లు నడిపింది.

అందుకే ఎస్‌ఎఫ్-86లో, అంటే నువ్వు నింపబోయే క్లియరెన్స్ ఫారంలో, అప్పుల గురించి అడిగే సెక్షన్ 26 దగ్గర తొందరపడకు. ఇప్పుడది ఈ-యాప్ అనే సైట్‌లో నింపుతారు. గత 7 ఏళ్లలో కలెక్షన్‌కి వెళ్లినవి, బ్యాంకు ఛార్జ్ ఆఫ్ చేసినవి (ఇక రావని నష్టం కింద రాసుకున్నవి), 120 రోజులకు పైగా బకాయి పడ్డవి, కోర్టు తీర్పులు, పన్ను బకాయిలు అన్నీ అడుగుతారు. తర్వాత కట్టేసినా జరిగింది జరిగినట్టే రాయాలి. హామీ ఉన్నవి కూడా రాయాలని అక్కడే స్పష్టంగా ఉంటుంది. నేను తప్పింది అక్కడే. తెలిసి అబద్ధం రాస్తే అది నేరం కూడా, ఐదేళ్ల వరకూ జైలు శిక్ష పడవచ్చు.

మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి క్రెడిట్ రిపోర్టులూ తెచ్చుకో. వారానికోసారి ఉచితంగా ఇస్తున్నారు. ఒక దాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండదు, కాబట్టి మూడూ కావాలి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకో. 500 డాలర్ల లోపు హాస్పిటల్ కలెక్షన్లను 2023 నుంచి రిపోర్టుల్లో చూపించడం మానేశారు. అక్కడ కనపడలేదని ఫారంలో వదిలేయకు, ఫారం అడిగేది జరిగిందా లేదా అని. ప్రతి అప్పు పక్కన ఖాళీ చోటు ఇస్తారు. ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఆగింది, ఇప్పుడు ఏం చేస్తున్నావు అన్నది మూడు నాలుగు వాక్యాల్లో రాయి. ఎవరినీ నిందించకుండా రాయి.

ఇండియా లోను అమెరికా రిపోర్టులో ఉండదు. మన పిల్లలు చాలామంది ఇక్కడే పొరపడతారు. ఫారంలో అమెరికా అప్పులు మాత్రమే అని ఎక్కడా లేదు. పైగా విదేశంలో బాకీ ఉందంటే, దాన్ని పట్టుకుని నిన్నో మీ నాన్నగారినో ఎవరైనా ఒత్తిడి చేయగలరా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ బ్యాంకుకు నువ్వే ఫోన్ చేసి వాయిదాలు మళ్లీ మొదలుపెట్టు. పెద్దాయన పేరు అందులో ఉందన్న సంగతి క్లియరెన్స్ లేకపోయినా నువ్వు ఆలోచించాల్సిందే.

మన ఊళ్లో ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పట్టిందంటారు కదా, ఇక్కడ కార్డు బాకీలకు కూడా రాష్ట్రాన్ని బట్టి అలాంటి గడువుంది. "ఇంకొన్నాళ్లు ఊరుకో, దానంతటదే పోతుంది" అని నీ స్నేహితులు చెప్పి ఉంటారు. కోర్టులో ఆ మాట చెల్లవచ్చు. క్లియరెన్స్ దగ్గర చెల్లదు. గడువు దాటే దాకా కూర్చోవడాన్ని అప్పు తీర్చే ప్రయత్నంగా వాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఏడేళ్లకు రిపోర్టులోంచి చెరిగిపోవడం కూడా అంతే. ఛార్జ్ ఆఫ్ అంటే మాఫీ అని కూడా అనుకోకు, అది బ్యాంకు తన పుస్తకాల్లో రాసుకునే లెక్క మాత్రమే.

అన్నీ ఒకేసారి తీర్చమని ఎవరూ అడగరు. నీ రాబడికి తగ్గ ప్లాన్ ఒకటి ఉండాలి, దాని ప్రకారం కడుతున్నట్టు రుజువులుండాలి. నా సలహా, హాస్పిటల్ బిల్లు ముందు తేల్చెయ్. ఒక కాగితమైనా "పూర్తిగా చెల్లించారు" అని చేతికి వస్తే నీకే ధైర్యం వస్తుంది. కార్డుల వాళ్లతో మాట్లాడి, ఒప్పందం రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టు. నోటి మాట మీద కట్టకు. ఫారం మీద సంతకం చేసేనాటికి ప్రతిదానికీ కనీసం ఒక వాయిదా కట్టి ఉండేలా చూసుకో. అధికారులు అడిగాక మొదలుపెట్టిన చెల్లింపులకు విలువ తక్కువ.

లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థలున్నాయి, నిబంధనల్లోనే వాటి ప్రస్తావన ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని నెలవారీ బడ్జెట్ రాయించుకో. అప్పు తగ్గించి తేల్చేస్తామని రేడియోలో ఊదరగొట్టే సెటిల్‌మెంట్ కంపెనీల జోలికి వెళ్లకు. కార్డులు కట్టడం ఆపేయమని చెప్పేవాళ్లు వాళ్లలో చాలామంది, అది నీకు సరిగ్గా ఎదురు తిరుగుతుంది. ఒకవేళ బ్యాంకు కొంత తగ్గించి సెటిల్ చేస్తే, ఆ తగ్గించిన మొత్తాన్ని రాబడిగా చూపే 1099-సీ అనే పన్ను కాగితం పంపవచ్చు. పన్ను లెక్కలో దాన్ని వదిలేయకు. పన్ను రిటర్నులు ఏ ఏడాదైనా వేయకుండా ఉంటే ముందు అవి వెయ్యి. కార్డు బాకీ కన్నా దాన్ని చాలా గట్టిగా పట్టుకుంటారు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే, విదేశీ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి చెప్పే ఎఫ్‌బార్ ఫారం కూడా చూసుకో.

ఇంత చేసినా "స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్" అని, వాళ్ల అభ్యంతరాలు రాసిన ఒక కాగితం రావచ్చు. వస్తే కంగారుపడకు, అది తిరస్కరణ కాదు. ప్రతి ఆరోపణకూ అవును, కాదు అని ప్రమాణపూర్వకంగా జవాబు రాసి రుజువులు జతచేయాలి. అందుకు 20 రోజులే సమయం. విచారణ కావాలా, కాగితాల మీదే తేల్చాలా అని అడుగుతారు. విచారణే కోరుకో. నీ ముఖం చూసి, నీ మాట వింటే నువ్వెలాంటివాడివో జడ్జికి తెలుస్తుంది. సందేహం మిగిలితే నిర్ణయం దేశ భద్రత వైపే మొగ్గుతుంది, నీ వైపు కాదు. అందుకే కాగితం మీద కాగితం చూపించి సందేహం మిగలకుండా చేయాలి. ఇలాంటి పాత తీర్పులు, పేర్లు తీసేసి, ఈ విచారణలు జరిపే రక్షణ శాఖ కార్యాలయం డోహా (DOHA) వెబ్‌సైట్‌లో పెడతారు. నీలాంటి కేసులు నాలుగైదు చదువు, టెన్షన్ సగం తగ్గుతుంది.

క్లియరెన్స్ వచ్చాక కూడా ఏ అప్పైనా 120 రోజులు దాటితే నువ్వే చెప్పాలి. ఇప్పుడు క్రెడిట్ రిపోర్టులను ఎప్పటికప్పుడు గమనిస్తూనే ఉంటారు కాబట్టి వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

శనివారం ఉదయం మా ఇంటికి రా. అమ్మాయిని కూడా తీసుకురా, ఈ లెక్కలు ఆమెకు తెలియకుండా ఉండకూడదు. సొరుగులోని కవర్లను విప్పకుండా అలాగే సంచిలో వేసుకుని తెచ్చెయ్. మీ అత్త పెసరట్లు వేస్తుంది, మనం బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే విప్పుదాం.

మీ మామయ్య