పసిడి రంగు డ్రిల్ బిట్

ప్రశ్న: డ్రిల్ బిట్ల బంగారు రంగు ఉత్త హంగేనా? సానపట్టగానే మొన దగ్గర పోయింది.
– లేత్ వర్క్‌షాపు యజమాని, బాలానగర్

జవాబు: ముప్పయ్యేళ్లు టూల్‌రూములో పనిచేశాను. మొదట నేనూ రంగే అనుకుని గోరుతో గీకి చూసినవాణ్ణే! అది టైటానియం నైట్రైడ్ అనే గట్టి పూత. గాలి తీసేసిన గదిలో విద్యుత్ ఆర్క్‌తో టైటానియాన్ని ఆవిరి చేసి, నైట్రోజన్ వదులుతారు. అలా పుట్టిన ప్లాస్మాలోని (విద్యుదావేశమున్న ఆవిరిలోని) ధన అయాన్లను, అంటే ధనావేశమున్న కణాలను, రుణ వోల్టేజీ ఇచ్చిన బిట్ లాక్కుంటుంది. అవి అంత వేగంగా వచ్చి తగలడం వల్లే పూత గట్టిగా పట్టుకుంటుంది. మందం 2 నుంచి 4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గట్టిదనం మాత్రం విక్కర్స్ కొలతలో 2000 పైమాటే. బిట్ తయారయ్యే హైస్పీడ్ స్టీలుది 800, 900 మధ్య. గదిలో వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్ మాత్రమే కాబట్టి లోపలి స్టీలు మెత్తబడదు.

సానరాయికి ఆ పొర ఒక లెక్కా? మొనమీద పోయినా గాడుల్లో మిగులుతుంది, తుక్కు అంటుకోకుండా జారుతుంది. బిట్లు పారేయకండి. మరీ చవగ్గా దొరికేవాటిలో కొన్నిటికి మాత్రం ఉత్త రంగే!