అడీనియం దుంప మెత్తబడుతోందా? ముందు నీళ్లు ఆపండి

సందేహం: అంటు కట్టిన అడీనియం మొక్కలు కుండీల్లో పెంచి అమ్ముతున్నాం. నవంబరు వానలకు దుంపలు మెత్తబడి మొక్కలు పడిపోతున్నాయి. బాగున్నవాటిలో మొగ్గలు విచ్చకముందే రాలుతున్నాయి. ఏం చేయాలి?
– నర్సరీ రైతు, చంద్రగిరి, తిరుపతి జిల్లా

జవాబు: అడీనియం ఆఫ్రికా, అరేబియాల ఎండు నేలల మొక్క. నీళ్లు దుంపలోనే దాచుకుంటుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు, చల్లని రాత్రులు ఒకేసారి వస్తాయి. ఎదుగుదల మందగించి వేర్లు నీరు పెద్దగా తీసుకోని ఆ రోజుల్లో కుండీ తడిగా ఉంటే వేర్లకు గాలాడదు, శిలీంద్రం పట్టి దుంప కుళ్లుతుంది.

ప్రతి దుంపనూ బొటనవేలితో నొక్కి చూడండి. మట్టి పొడిగా ఉండి దుంప కాస్త వడలితే అది దాహమే. మట్టి తడిగా ఉన్నా దుంప మెత్తగా ఉంటే కుళ్లు. ఈ తేడా తెలియక ఇంకా నీళ్లు పోసి మొక్కను చంపుకునేవారే ఎక్కువ.

కుళ్లిన మొక్కను పెరికి మట్టి దులపండి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో గోధుమరంగు భాగాన్ని పొరలుగా చెక్కండి. తెల్లని కండ తేలేదాకా ఆగొద్దు. ఒక్క గోధుమ చుక్క మిగిలినా కుళ్లు మళ్లీ పాకుతుంది. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రనాశిని) ముద్ద పూసి, గాలి తగిలే నీడలో 7-10 రోజులు ఆరబెట్టండి. ఇది గన్నేరు జాతే, పాలు విషం. చేతి తొడుగులు తప్పనిసరి. చెక్కిన ముక్కలు మేకల నోటికి అందనివ్వకండి.

తిరిగి నాటేందుకు 2 పాళ్లు కడిగిన ముతక ఇసుక, 1 పాలు ఇటుక ముక్కలు, 1 పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), అర పాలు వర్మికంపోస్టు కలపండి. ఎర్రమట్టి వద్దు, వానకు గట్టిపడి నీరు నిలుస్తుంది. నాటాక వారం నీళ్లు పోయకండి. వానల్లో పైన పాలిథీన్ కప్పు వేసి, కుండీలను ఇటుకల మీద పెట్టండి.

మొగ్గ రాలడానికి షేడ్‌నెట్ నీడ ఒక కారణం. రోజుకు కనీసం 6 గంటల నేరు ఎండ కావాలి. యూరియా ఎక్కువైనా ఆకే తప్ప పూత ఉండదు. మొగ్గను తెల్ల కాగితం మీద తట్టండి, సన్నని పసుపు పురుగులు కదిలితే తామర పురుగే. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. తగ్గకపోతే 5 శాతం ఫిప్రోనిల్ పురుగుమందు లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున వాడండి.

ఫిబ్రవరి చివర కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి, పూలు కొత్త చిగురు కొసనే వస్తాయి. అంటు కింద మొలిచే చిగుళ్లను మాత్రం వెంటనే తుంచేయాలి. వదిలితే అవే బలిసి, మీరు కట్టిన రకం పోయి వేరుమొక్క పూలే మిగులుతాయి.