శవాసనంలో ఏడ్చి మధ్యలోనే వెళ్లిపోతుంటే
కళ్యాణదుర్గం దగ్గర ఉచిత యోగా క్లాసు నడిపే ఒకరు, ఏం చేయాలని అడిగారు. మీ క్లాసులో, భర్తను పోగొట్టుకున్న రైతు మహిళలు శవాసనం దగ్గరే ఏడ్చి మధ్యలోనే వెళ్లిపోతున్నారంటే, కారణం బహుశా కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకోమనడమే. ఆ నిశ్శబ్దంలోనే అన్నీ గుర్తొస్తాయి.

1. కళ్లు తెరిచే ఉంచొచ్చు, గోడకు ఆనుకుని కూర్చోవచ్చు, మధ్యలో వెళ్లిపోవచ్చు అని మొదట్లోనే చెప్పండి. అందరూ వదిలేసేది ఇదే. ఒకరోజు చెప్తే చాలదు, రోజూ చెప్పాలి. మీరూ కళ్లు తెరిచే చేసి చూపించండి, లేకపోతే మొహమాటానికి ఎవరూ తెరవరు.
2. అడగకుండా చెయ్యి వేసి సరిచేయొద్దు.
3. కపాలభాతి (ఊపిరిని వేగంగా, బలంగా బయటికి కొట్టడం) మానేసి, ఊపిరి నెమ్మదిగా వదలడం చేయించండి.
4. ఉపాధి పని రోజుల్లో క్లాసు సాయంత్రం పెట్టండి.

డాక్టరు రాసిన మాత్రలు ఆపమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. ఎవరైనా చావు మాట ఎత్తితే, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ కలపండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.