పూల్ పంపు కొనే ముందు పాత కరెంటు బిల్లులు తీయండి

ప్రశ్న: మా ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో తొమ్మిదేళ్లుగా రోజుకు 8 గంటలు నడిచిన ఒకటిన్నర హార్స్‌పవర్ పంపు మోటారు కాలిపోయింది. అలాంటిదే మళ్లీ కొనాలా, లేక రెండున్నర రెట్లు ఖరీదైన వేరియబుల్ స్పీడ్ పంపును (వేగాన్ని తగ్గించి నడుపుకోగలిగేది) వాయిదాల మీద తీసుకోవాలా?

జవాబు: పంపు ధర ఒక్కసారి కడతారు, దాని కరెంటుకు నెలనెలా కడుతూనే ఉంటారు. అందుకే ముందు కరెంటు లెక్క చూద్దాం.

మీ పాత మోటారు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తీసుకుని ఉంటుంది. అంటే రోజుకు 12 యూనిట్లు. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే వచ్చే నీరు సగమవుతుంది కానీ, కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదే నీటిని 16 గంటలపాటు నెమ్మదిగా తిప్పితే లెక్క ప్రకారం 3 యూనిట్లు చాలు. మోటారులో పోయే నష్టాలు కలిపి 4 అనుకుందాం. రోజుకు 8 యూనిట్లు మిగిలితే ఏడాదికి 2,900 పైచిలుకు. దాన్ని మీ పాత బిల్లుల్లోని యూనిట్ ధరతో గుణించి, రెండు పంపుల ధరల తేడాను ఆ మొత్తంతో భాగించండి. ఎన్నేళ్లలో మీ డబ్బు తిరిగొస్తుందో తేలుతుంది. వారంటీ గడువులోపే వస్తే ఖరీదైనదే కొనండి. పూల్‌ను ఏడాదికి మూడు నెలలే వాడేవారికైతే మిగిలేది 720 యూనిట్లే. వారికి నేను మామూలు పంపే చాలంటాను.

అసలు ఒకటిన్నర హార్స్‌పవర్ అవసరమా? 40,000 లీటర్ల పూల్ నీరంతా 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్లాలంటే గంటకు 5,000 లీటర్లు తోడితే సరిపోతుంది. ఫిల్టర్ తట్టుకోలేనంత పెద్ద పంపు పెడితే ఫిల్టర్ కూడా దెబ్బతింటుంది. పంపు బాడీ బాగుంటే మోటారు ఒక్కటే మార్చడానికి ఎంతవుతుందో కూడా అడగండి.

ఇక వాయిదాలు. నెల వాయిదా, వడ్డీతో సహా, ఆ నెలలో మిగిలే కరెంటు ఖర్చును మించకపోతే నాకు అభ్యంతరం లేదు. క్రెడిట్ కార్డు బాకీగా మాత్రం మోయకండి, ఆ వడ్డీ ఈ పొదుపునంతా మింగేస్తుంది.

నీరు పచ్చబడుతుందన్న కంగారులో ఈ రోజే కొనేయకండి. క్లోరిన్ మోతాదు చూసుకుంటూ, గోడలు బ్రష్‌తో రుద్దుతూ ఉంటే రెండు మూడు రోజులు నెట్టుకురావచ్చు. ఈలోగా ముగ్గురి దగ్గర బిగింపు ఖర్చుతో సహా ధర రాయించుకోండి. పంపు నడవని ఆ రోజుల్లో పిల్లల్ని మాత్రం నీటిలోకి దిగనివ్వకండి.