బుష్‌లు ఏడాది తిరక్కుండానే పోతున్నాయంటే తప్పు రబ్బరుది కాదు

మీరు అడిగింది ఇదీ: ఫోర్ బై ఫోర్ బండికి సస్పెన్షన్ బుష్‌లు, అంటే కింది ఇనప ఆర్మ్‌ల కీళ్ళలో ఉండే రబ్బరు ముక్కలు, మార్పించి ఏడాది కూడా కాలేదు, అప్పుడే కింద మళ్ళీ టక్ టక్ మంటోంది, ఈసారి రబ్బరువి మానేసి పాలీయురేథేన్‌వి (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటివి) వేయించనా అని. వద్దనే చెప్తాను. కానీ అంతకన్నా ముందు ఒకటి కనుక్కోండి. పోయినసారి ఆ బోల్టులు ఆఖర్న బిగించినప్పుడు బండి చక్రాలు నేల మీద ఉన్నాయా, గాల్లో వేలాడుతున్నాయా? ఈ మాట ఎవరూ అడగరు, అందరూ ఏ కంపెనీ, ఏ మెటీరియల్ అనే కొట్టుకుంటారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నాదీ అచ్చం మీ కేసే. నా బండికి ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ని పట్టుకోడానికి అటొకటి ఇటొకటి రేడియస్ ఆర్మ్‌లు, పక్కకి జరక్కుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్. 1970లో వచ్చిన మొదటి రేంజ్ రోవర్ ముందు భాగం కూడా ఈ లెక్కలోనే ఉండేది. నా బండిలో ఒక్కో ఆర్మ్‌కి మూడు బుష్‌లు, రెండు యాక్సిల్ దగ్గర, ఒకటి వెనక ఛాసిస్ (బండి చట్రం) దగ్గర. రాళ్ళ దారిలో మెల్లగా పోతుంటే కింద టక్ మనేది, బ్రేక్ తొక్కితే ఒక్కసారి ధడ్ మనేది, కాస్త స్పీడ్ అందుకుంటే స్టీరింగ్ ఒకచోట నిలవదు, సర్దుతూనే ఉండాలి. మొదట చూసిన మెకానిక్ షాకబ్జర్లు అన్నాడు. మార్చాం, చప్పుడు అలాగే ఉంది. కింద ఏ చప్పుడొచ్చినా షాకబ్జర్లే అనడం వీళ్ళకి అలవాటైపోయింది, ఒక గడ్డపార పెట్టి ఆర్మ్‌ని అటూ ఇటూ ఎత్తి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం అది. తర్వాత ఇంకో షెడ్‌లో లిఫ్ట్ ఎక్కించి పూటలో బుష్‌లన్నీ మార్చేశారు. మొదట్లో కొత్త బండిలా ఉంది. పదో నెలకి మళ్ళీ అదే టక్.

ఈసారి ఎవరికీ ఇవ్వదల్చుకోలేదు. నేనూ మా బావమరిదీ కలిసి విప్పుదామని బండి కిందకి దూరాం. టార్చ్ వేసి చూస్తే ఛాసిస్ వైపు బుష్‌లో లోపలి గొట్టం చుట్టూ రబ్బరు నెలవంకలా చిరిగిపోయి ఉంది, గొట్టం నడిమధ్యన ఉండాల్సింది ఓ పక్కకి వాలిపోయింది, చిరుగు అంచుల్లో తుప్పు రంగు పొడి. రెండో వైపూ సేమ్. అక్కణ్ణించి ముందుకి పాకి యాక్సిల్ దగ్గరి నాలుగూ చూశాను, ఒక్క పగులు లేదు, రబ్బరు మీద అచ్చు అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి! ఒకే సెట్టు, ఒకే రోజు వేసినవి, నాలుగు బాగున్నాయి, రెండు చిరిగాయి. రబ్బరు నాసిరకం అయితే ఆరూ పోవాలి కదా.

రబ్బరు బుష్ బేరింగ్ లాగా తిరగదండీ, ఇదొక్కటి బుర్రకెక్కితే మిగతాదంతా అర్థమైపోతుంది. లోపల ఒక ఇనప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రబ్బరు రెండిటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌ని కరుచుకుపోతుంది, ఇక కదలదు. చక్రం పైకీ కిందకీ పోయినప్పుడల్లా ఆ రబ్బరే మెలిపడి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. అంటే బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో అదే రబ్బరుకి విశ్రాంతి. ఇప్పుడు లెక్క వేయండి. ఆర్మ్ 70 సెంటీమీటర్లు అనుకుందాం, లిఫ్ట్ మీద యాక్సిల్ మామూలు కంటే 10 సెంటీమీటర్లు కిందకి వేలాడుతుంది అనుకుందాం, ఆ కోణం దాదాపు 8 డిగ్రీలు. అలా బిగించి బండి దించితే, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ రబ్బరు 8 డిగ్రీలు మెలితిరిగే ఉంటుంది, రాత్రీ పగలూ. ఇంకో 10 సెంటీమీటర్లు పైకి లేచే బండరాయి వస్తే 8 పడాల్సిన చోట 16 పడుతుంది. చిరక్క ఏం చేస్తుంది? యాక్సిల్ దగ్గరి వాటికి ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఆ రెండు బుష్‌ల మధ్య యాక్సిల్ ఆర్మ్‌కి అతుక్కునే ఉండి రెండూ కలిసే ఊగుతాయి, ఒక చక్రం పైకీ ఇంకోటి కిందకీ పోయినప్పుడే వాటికి మెలిక. నా బండిలో నాలుగు బతికి రెండు చచ్చింది అందుకే, నాకైతే ఇంకే సాక్ష్యం అక్కర్లేదు.

విప్పడం గురించి కూడా చెప్తా, మీరు సొంతంగా చేద్దామనుకుంటే. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరొద్దు, స్టాండ్‌లు పెట్టండి. ఒకసారికి ఒక్క ఆర్మే విప్పండి, రెండూ ఊడదీస్తే యాక్సిల్ గిర్రున తిరిగి కూర్చుంటుంది, మళ్ళీ బోల్టు రంధ్రాలు కలపడానికి ప్రాణం పోతుంది. బోల్టులకి రెండు మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ ఉండండి. పాత బుష్ బయటి గొట్టం ఆర్మ్ కంట్లో, అంటే బుష్ కూర్చునే రంధ్రంలో, బిగుసుకుపోయి మా దగ్గరున్న ప్రెస్‌కి కదల్లేదు, రబ్బరంతా డ్రిల్ చేసి లాగేశాక హాక్సా బ్లేడు విప్పి కంట్లోంచి దూర్చి మళ్ళీ ఫ్రేముకి తగిలించి లోపల్నుంచి కోశాం. ఒక్కోదానికి ముప్పావు గంట పట్టింది. గొట్టం మందం మాత్రమే కొయ్యాలి, ఆర్మ్ మీద గాటు పడకూడదు, కాబట్టి ఆఖర్న బ్లేడు చప్పుడు మారేది వింటూ నాలుగు లాగుళ్ళకోసారి ఆపి చూసుకున్నాం, చివరికి ఉలితో ఒక్క దెబ్బ వేస్తే గొట్టం లోపలికి ముడుచుకుని తోసేస్తే వచ్చేసింది. కొందరు మంటపెట్టి రబ్బరు కాల్చేస్తారు, ఆ పొగ పీల్చకూడదు, ఆర్మ్‌ని అంత వేడి చేయడమూ నాకు ఇష్టం లేదు.

కొత్తది ఎక్కించేటప్పుడు బయటి గొట్టం అంచు మీదే నొక్కాలి, రబ్బరు మీదా లోపలి గొట్టం మీదా నొక్కితే వేయకముందే దాన్ని చంపేసినట్టు. రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే పిసరంత కుంచించుకుంటుంది, ఎక్కించడం తేలికవుతుంది. కావాలంటే సబ్బు నీళ్ళు రాయండి కానీ ఇంజనాయిలూ మామూలు గ్రీజూ వద్దు, సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. కిర్రుమంటోందని బుష్‌ల మీద ఆయిల్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు, అవి ఏ దిక్కుకి ఉండాలో పాతది తీసేముందే ఆర్మ్ మీద గీత గీసి పెట్టుకోండి.

ఇక అసలు పని. అన్ని బోల్టులూ చేత్తో తిరిగేంత వరకే ఎక్కించి స్టాండ్‌లు తీసేసి బండి నేల మీదకి దించాం. పాన్‌హార్డ్ రాడ్ రంధ్రం వేలెడు దూరంలో ఆగిపోతే బావమరిది పైన కూర్చుని స్టీరింగ్ మెల్లగా తిప్పాడు, యాక్సిల్ పక్కకి జరిగి బోల్టు దానంతటదే దూరింది. తర్వాత బంపర్ మీద ఎక్కి నాలుగుసార్లు ఊపి, బండిని చేత్తో ముందుకీ వెనక్కీ నాలుగడుగులు తోసి సర్దుకోనిచ్చి, చక్రాలకి అడ్డు పెట్టి అప్పుడు కిందకి దూరి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో చూపించే పానా) మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకి బిగించాను. ఎత్తైన బండికి ఇదే సుఖం, చక్రాల మీద ఉండగానే కింద మనిషి పడతాడు. షెడ్‌లో వీళ్ళకి పట్టేది పది నిమిషాలు ఎక్కువ, ఆ పది నిమిషాలు మిగుల్చుకోడానికి మన బుష్‌ల ఆయుష్షు తగ్గించేస్తున్నారు.

పాలీయురేథేన్ సంగతి. దాన్ని వేశాక మళ్ళీ పోలేదు అని చెప్పేవాళ్ళు అబద్ధమాడట్లేదు. చాలావాటిలో లోపలి గొట్టం అతుక్కుని ఉండదు, జారుతూ తిరుగుతుంది, కాబట్టి గాల్లో బిగించినా మెలిక పడదు. వాళ్ళకి నయమైంది బిగింపు తప్పు, పేరు మాత్రం పాలీకి వచ్చింది. కానీ రేడియస్ ఆర్మ్‌ల బండిలో ఒక చక్రం గుంతలోకి దిగి ఇంకోటి గట్టెక్కాలంటే బుష్‌లు నలిగి దారివ్వాలి, పాలీ గట్టిది, అంత ఇవ్వదు, చక్రం ముందే గాల్లోకి లేస్తుంది, ఆ బలమంతా బ్రాకెట్‌ల మీద పడుతుంది. పైగా బురదా ఇసుకా దూరి కిర్రుమంటుంటే విప్పి సిలికాన్ గ్రీజు పెట్టుకుంటూ ఉండాలి. ఎప్పుడూ తారు రోడ్డు మీదే తిరిగేవాళ్ళు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మీ బండికి ఈ మధ్య ఎత్తు పెంచే స్ప్రింగుల లిఫ్ట్ కిట్ ఏమైనా వేశారా? 5 సెంటీమీటర్లు ఎత్తు పెంచినా అదే 70 సెంటీమీటర్ల ఆర్మ్‌కి 4 డిగ్రీల మెలిక శాశ్వతంగా పడినట్టే, స్ప్రింగులు మార్చినవాళ్ళు బుష్ బోల్టులు వదులు చేసి కొత్త ఎత్తులో మళ్ళీ బిగించారో లేదో అడగండి. ముందు కిందకి దూరి ఏ బుష్‌లు చిరిగాయో చూసి ఇక్కడ రాయండి. ఛాసిస్ వైపువి పోయి యాక్సిల్ వైపువి బాగుంటే పాత కంపెనీ రబ్బరువే మళ్ళీ తెప్పించుకోండి.