ఎక్స్‌పోసితో ఇంటిపేరు మీద నీ వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఎక్స్‌పోసితో లాంటి స్పానిష్ ఇంటిపేరు పట్టుకోవడం బాగుంది. కానీ లాటిన్ మూలం మీదే పేజీ అంతా ఖర్చుపెట్టేశావు. బయట పెట్టేసిన బిడ్డ అని అర్థం. అది ఒక్క వాక్యంలో చెప్పేసెయ్. ఆ పెట్టడం ఎలా జరిగేదో చూపించు.

తోర్నోని ఒక్క ముక్కలో దాటేశావు, నిలబడాల్సింది అక్కడే. శిశు సదనం గోడలో గుండ్రంగా తిరిగే చెక్క పెట్టె అది. వీధి వైపు నుంచి బిడ్డను అందులో పెట్టి, గంట కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. లోపలివాళ్ళు తిప్పి తీసుకునేవాళ్ళు. ఒకరి ముఖం ఒకరికి కనబడేది కాదు. కొందరు పిల్లల బట్టల్లో చీటీ ఉండేది, బాప్తిస్మం అయిందో లేదో, ఏ పేరు పెట్టాలో రాసి. ఎప్పటికైనా వచ్చి తీసుకెళ్దామని సగం కత్తిరించిన రిబ్బను పెట్టినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అందరినీ 'అనాథలు' అనెయ్యకు. కన్నతల్లి బతికే ఉండి, పేదరికానికో పరువుకో భయపడి వదిలేసిన పిల్లలు బోలెడుమంది.

'ఎక్స్‌పోసితో వంశం' అన్న మాట కూడా కొట్టెయ్. మన దగ్గర ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల వరస అంటాం, పెళ్ళి సంబంధం చూడం. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. ఫెర్నాందెస్ అంటే ఫెర్నాందో కొడుకు, వెనక ఎవరో ఒక తాత ఉన్నాడు. ఎక్స్‌పోసితో వెనక ఉన్నది సదనం రిజిస్టరే. ఏ చుట్టరికమూ లేని పిల్లలకి ఊరూరా అదే పేరు రాశారు. తర్వాత అది వాళ్ళ పిల్లలకీ దిగింది, అందుకే ఇప్పుడు ఆ పేరున్నవాళ్ళు దొరికిన బిడ్డలని అనుకోకూడదు.

1794 నాటి రాజాజ్ఞని వదిలేశావేం? ఈ పిల్లలకి అందరితో సమానంగా పౌర హక్కులిస్తూ, వాళ్ళని అక్రమ సంతానమని తిట్టినవాళ్ళకి శిక్ష ఉంటుందన్నాడు స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్. తిట్లు అంత మామూలైతేనే కదా రాజు దాకా వెళ్ళింది! ఆజ్ఞతో నోళ్ళు మూతపడతాయా? 1921లో ఈ పేరు మార్చుకోవడానికి చట్టమే వీలు కల్పించాల్సి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నట్టు, పైన అతికించిన ఆ వంశచిహ్నం డాలు ఎక్కడిది? ఆన్‌లైన్‌లో ఏ ఇంటిపేరుకైనా ఒకటి అమ్ముతారు. తీసేసి మళ్ళీ పంపు.