పార్టీ చందా, పన్ను మినహాయింపు: విద్యుత్ ఉద్యోగి సందేహం

ప్రశ్న: నేను డిస్కమ్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. అమ్మాయి పెళ్లి అప్పుల్లో ఉన్నప్పుడు, మా ఆఫీసుకు వచ్చే ట్యాక్స్ కన్సల్టెంట్ మాట నమ్మి, పేరు కూడా వినని ఒక రిజిస్టర్డ్ పార్టీకి 2023-24లో రూ.1,50,000 ఆన్‌లైన్‌లో పంపాను. అయిదు శాతం పట్టుకుని మిగతాది నగదుగా ఇచ్చేశారు. రిటర్నూ అతనే వేశాడు; నేను చదవకుండానే ఓటీపీ చెప్పాను. మాటలన్నీ వాట్సాప్‌లోనే జరిగాయి. రాజకీయ పార్టీల చందాకు పన్ను మినహాయింపునిచ్చే 80జీజీసీ సెక్షన్ కింద రూ.31,200 రీఫండ్ వచ్చింది. తోటివాళ్లంతా ఇలాగే చేశారు. ఇప్పుడు మినహాయింపు సరిచూసుకోమని ఆదాయపు పన్ను శాఖ మెసేజ్ పంపింది. పార్టీ నుంచి కొత్త ధ్రువపత్రం తెప్పిస్తానని కన్సల్టెంట్ అంటున్నాడు. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లింది కదా, వాదించి నెగ్గగలనా?

జవాబు: నెగ్గలేరు. పెళ్లి అప్పులు, తోటివాళ్ల సంగతి పన్ను అధికారికి అక్కర్లేదు. ‘మిగతాది నగదుగా ఇచ్చేశారు’ అని మీరు రాసిన మాట దగ్గరే కేసు తేలిపోయింది. 80జీజీసీ మినహాయింపు నిజంగా ఇచ్చిన చందాకే వర్తిస్తుంది; నగదు చందాకు అసలే లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు డబ్బు వెళ్లినట్టు చూపుతుందే తప్ప తిరిగి రాలేదని చూపదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా సోదాలు జరిపింది ఇలాంటి మధ్యవర్తుల మీదే; అక్కడ దొరికే పద్దుల్లో మీ పేరు ఉండదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

పోనీ, అది నిజమైన చందాయేనని నిరూపించారనుకుందాం. ప్రభుత్వోద్యోగులు రాజకీయ కార్యకలాపాలకు చందా ఇవ్వకూడదని 1964 నాటి ప్రవర్తన నియమావళి చెబుతుంది. ప్రభుత్వ విద్యుత్ సంస్థల సర్వీసు నిబంధనలూ సాధారణంగా ఆ బాటలోనే ఉంటాయి కాబట్టి, పన్ను కేసులో గెలిచిన కాగితమే ఆఫీసులో మీ మీద ఛార్జ్ మెమోకు (క్రమశిక్షణ చర్య నోటీసుకు) ఆధారమవుతుంది. మీ సంస్థ నిబంధనల ప్రతి తెప్పించుకుని చదవండి; ఆ పని డబ్బు పంపకముందే చేయవలసింది. రిటర్ను చదవకుండా ఓటీపీ చెప్పింది కూడా మీరేనని మరచిపోవద్దు.

కొత్త ధ్రువపత్రం జోలికి మాత్రం వెళ్లకండి. ఆదాయపు పన్ను విచారణను 1961 ఆదాయపు పన్ను చట్టం 136వ సెక్షన్ న్యాయ విచారణగా పరిగణిస్తుంది. అందులో తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇప్పటిదాకా చాలావరకు డబ్బుతో పోయే తప్పును మీ చేతులారా క్రిమినల్ కేసు చేసుకున్నట్టవుతుంది.

మీకు వచ్చింది మెసేజే; పాత పన్ను లెక్కను తిరగదోడే పునర్మదింపుకు ముందు వివరణ అడిగే 148ఎ నోటీసు కాదు గనుక, పాత రిటర్నులోని తప్పును సరిదిద్దే అప్‌డేటెడ్ రిటర్ను వేసే అవకాశం ఇంకా ఉంది. 2026 మార్చి 31 లోపు వేస్తే రూ.31,200, దాని మీద వడ్డీ, ఆ మొత్తంపై 25 శాతం అదనపు పన్ను కట్టాలి. ఆ తేదీ దాటాక ఏడాది వరకు అదనం 50 శాతం. పన్ను కట్టాకే ఫారం సమర్పించాలి. శాఖ తనంతట తాను పట్టుకుంటే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు పెనాల్టీ పన్నుకు రెట్టింపు, అంటే రూ.62,400, అసలు వేరే. ఏడాది గడిచిపోయింది, ఇక అడగరని ఊరుకోవద్దు: మీ విషయంలో 148ఎ నోటీసుకు 2028 మార్చి 31 దాకా గడువుంది, పునర్మదింపు మొదలైతే ఈ వెసులుబాటు ఇలాగే ఉంటుందన్న భరోసా లేదు.

కన్సల్టెంట్‌తో జరిగిన వాట్సాప్ సంభాషణ చెరపవద్దు. అతని పాత్రకు మీ దగ్గరున్న ఆధారం అదొక్కటే. రిటర్ను వేరే ఆడిటరు చేత వేయించండి. అంతకంటే ముందు ఈరోజే ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్ మార్చి, నమోదైన ఫోను, ఈమెయిల్ మీవేనా, కన్సల్టెంటువా అని చూసి, అందులో నోటీసులు కనిపించే ఈ-ప్రొసీడింగ్స్ విభాగంలో మీకు తెలియని నోటీసేదైనా పడి ఉందేమో వెతకండి.